మెష్ పెట్టినా నెట్ అందట్లేదా? రీసెట్ కొట్టే ముందు ఇవి చూడండి

మెష్ వైఫై (ఇల్లంతా అందేలా రెండు మూడు డబ్బాలు కలిసి ఒకే వైఫై పంచేది) కొనుక్కున్న చుట్టాలందరూ నాకు ఫోన్ చేసి చెప్పేది దాదాపు ఒకటే మాట, "మూడు డబ్బాలకీ లైట్లు వెలుగుతున్నాయిరా, ఫోన్లో గీతలు ఫుల్లుగా ఉన్నాయి, కానీ ఏదీ ఓపెన్ అవ్వట్లేదు" అని. ఆ వెంటనే ఇంకో మాట, "రీసెట్ కూడా కొట్టేశా". అదిగో, అక్కడే నాకు తల పట్టుకోవాలనిపిస్తుంది. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరండీ బాబూ. ప్లగ్ తీసి పెడితే రీస్టార్ట్. వెనకాల చిన్న కన్నంలో పిన్నీసు పెట్టి నొక్కితే రీసెట్, అప్పుడు పేరూ పాస్‌వర్డూ సెట్టింగులూ అన్నీ పోతాయి, మీ కనెక్షన్‌కి పీపీపీఓఈ (నెట్ కంపెనీ ఇచ్చే లాగిన్) యూజర్ నేమ్ పాస్‌వర్డ్ ఉంటే అదీ పోతుంది, ఇక ఆదివారం పూట కేబుల్ కుర్రాడి కోసం ఎదురుచూపులే. అందుకని ఆ పిన్నీసు ముందు పక్కన పెట్టేయండి.

ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక. మీ ఫోన్ నుంచి నెట్ దాకా మూడు లంకెలు ఉన్నాయి. ఫోన్‌కీ దగ్గర్లో ఉన్న మెష్ డబ్బాకీ మధ్య ఒకటి, ఆ డబ్బాకీ మెయిన్ డబ్బాకీ మధ్య ఇంకోటి, మెయిన్ డబ్బాకీ గోడకున్న ఫైబర్ డబ్బాకీ మధ్య మూడోది. ఫోన్లో కనపడే గీతలు మొదటి లంకె గురించి మాత్రమే చెప్తాయి. మేడ మీద గదిలో నోడ్ (మెయిన్ కాని మెష్ డబ్బా) పక్కనే కూర్చుంటే గీతలు ఫుల్లే ఉంటాయి, ఆ నోడ్‌కి కింద మెయిన్ డబ్బా అందకపోతే ఫోన్‌కి అదేం తెలుస్తుంది చెప్పండి.

కాబట్టి మొదట ఏ లంకె తెగిందో పట్టుకోవాలి, దానికి పది నిమిషాలు చాలు. ఫోన్లో మొబైల్ డేటా ఆపేయండి, ఇది మర్చిపోవద్దు, ఆపకపోతే కొన్ని ఫోన్లు నెట్ లేని వైఫైని పక్కనపెట్టి చాటుగా డేటా వాడేసుకుంటాయి, మీరేమో వైఫై బాగుందనుకుంటారు. వీపీఎన్ ఉంటే అది కూడా ఆపేయండి. ఇప్పుడు మెయిన్ డబ్బా పక్కన నిలబడి వైఫై ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి, ఎందుకంటే ఫోన్ పాత నోడ్‌నే పట్టుకుని వేలాడుతూ ఉండొచ్చు. అక్కడ స్పీడ్ టెస్ట్ పెట్టి చూడండి. అక్కడే రాకపోతే సమస్య ఫైబర్ వైపుంది, మేడ మీద నోడ్‌ని ఎంత జరిపినా లాభం లేదు. అక్కడ బాగా వచ్చి, నోడ్ పక్కకి వెళ్ళి మళ్ళీ ఆఫ్ ఆన్ చేస్తే పడిపోతోందా, అయితే మధ్య లంకె. రెండు చోట్లా ఫోన్‌కి బాగుండి ఒక్క టీవీకో ప్రింటర్‌కో మాత్రమే రాకపోతే ఆ వస్తువు సంగతి చూడాలి. మన చుట్టాలు చేసే తప్పేంటంటే ఈ మూడింటినీ ఒకేసారి గెలికేస్తారు, తర్వాత ఏది మార్చితే ఏం అయ్యిందో ఎవరికీ గుర్తుండదు.

ఫైబర్ వైపు

ఫైబర్ డబ్బా మీద ఎల్ఓఎస్ అని ఒక లైటుంటుంది. అది ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్ తీగలోంచి వెలుతురు రావట్లేదని అర్థం, మీ మెష్ తప్పేం లేదు. ఆ సన్న తీగ బీరువా వెనకాలో సోఫా కిందో మడత పడిందేమో చూడండి, ఫైబర్‌ని పురికొసలా మెలిపెట్టి చుట్టకూడదు, లోపల గాజు ఉంటుంది. మడతేం లేకపోతే కంప్లైంట్ ఇచ్చేయడమే, మీరు చేయగలిగింది ఇంకేం లేదు.

కరెంటు పోయి వచ్చాక నెట్ రాకపోవడం మనిళ్ళల్లో మామూలే. డబ్బాలన్నీ ఒకేసారి లేస్తాయి, ఫైబర్ డబ్బా పూర్తిగా లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఈలోపు మెయిన్ మెష్ డబ్బా లేచి "నెట్ లేదు" అని తేల్చేసుకుని కూర్చుంటుంది, కొన్ని మళ్ళీ అడుగుతాయి, కొన్ని అడగవు. వరస పాటించండి: అన్నీ ఆపేసి ముందు ఫైబర్ డబ్బా, దాని లైట్లు కుదురుకున్నాక మెయిన్, అది కుదురుకున్నాక ఒక్కో నోడు. రోజూ కరెంటు పోయే ఊరైతే రౌటర్లకి పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొనుక్కుని ఫైబర్ డబ్బానీ మెయిన్ డబ్బానీ దాని మీద పెట్టేయండి, కాకపోతే కొనే ముందు రెండు అడాప్టర్ల మీదా ఎన్ని వోల్టులు ఎన్ని ఆంపియర్లు అని రాసుందో చదవండి, 12 వోల్టుల డబ్బాకి 9 వోల్టులు ఇస్తే లైటు వెలుగుతుంది కానీ సరిగ్గా నడవదు.

ఇక అసలు జబ్బు. చాలా ఫైబర్ డబ్బాలకి కూడా సొంత వైఫై ఉంటుంది, మెష్ పెట్టాక దాన్ని ఎవరూ ఆపరు. గుంటూర్లో మా పిన్ని వాళ్ళింట్లో అదే జరిగింది. టీవీ పాత వైఫైకే కనెక్ట్ అయ్యుంది, ఫోన్లు కొత్త మెష్‌కి మారాయి, ఫోన్లోంచి టీవీకి వీడియో పంపుదామంటే టీవీ పేరే కనపడదు. ఒకే ఇల్లే కానీ నెట్‌వర్క్ లెక్కలో అవి రెండు వేరే ఇళ్ళు, మధ్యలో మెష్ డబ్బా తలుపేసుకుని ఉంటుంది. రెండు డబ్బాలూ విడివిడిగా రౌటర్ పని చేయడమన్నమాట, దీన్నే డబుల్ న్యాట్ అంటారు. బాబాయి ఇంకో అడుగు ముందుకేసి "రెండిటికీ ఒకే పేరు పెట్టేస్తే సరి" అని పెట్టేశాడు, దాంతో ఫోన్లు ఒకోసారి ఇటూ ఒకోసారి అటూ ఎక్కడం మొదలెట్టాయి, ప్రింటర్ పొద్దున కనపడితే సాయంత్రం మాయం.

మీ ఇంట్లో ఇదే ఉందో లేదో చూడటం తేలిక. ఫోన్లో వైఫై వివరాల్లోకి వెళ్తే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ వస్తువుకిచ్చిన ఇంటి నంబరు లాంటిది) కనపడుతుంది, టీవీ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో కూడా ఉంటుంది. ఒకటి 192.168.1 అనీ ఇంకోటి 192.168.68 అనీ మొదలైతే రెండూ వేర్వేరు ఇళ్ళలో ఉన్నట్టు. 169.254తో మొదలైతే ఆ వస్తువుకి అసలు అడ్రస్సే ఇవ్వలేదు ఎవరూ, అప్పుడు దాన్ని ఒకసారి ఆపి పెట్టండి, అయినా అంతే ఉంటే ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి మళ్ళీ కలపండి.

మందు రెండు రకాలు. ఒకటి, మెష్ యాప్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టడం, అప్పుడు అడ్రస్సులు పంచే పని ఫైబర్ డబ్బాదే, మెష్ కేవలం వైఫై పంచుతుంది. రెండోది, ఫైబర్ డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించడం, అప్పుడు రౌటర్ పని మొత్తం మెష్‌దే. నన్నడిగితే ల్యాండ్‌లైనో టీవీ బాక్సో అదే ఫైబర్ డబ్బా మీద నడుస్తుంటే బ్రిడ్జ్ జోలికి పోకండి, యాక్సెస్ పాయింట్ మోడే సుఖం, కాకపోతే పిల్లల ఫోన్లకి టైం పెట్టడం లాంటి సదుపాయాలు కొన్ని మెష్‌లలో ఈ మోడ్‌లో పనిచేయవు. ఏది చేసినా సరే ఫైబర్ డబ్బా సొంత వైఫైని మాత్రం ఆపేయండి.

మధ్య లంకె

అట్ట పెట్టె మీద ఇన్ని వేల చదరపు అడుగులు కవర్ చేస్తుందని రాసుంటుంది కదా, దాన్ని మనింటికి యథాతథంగా నమ్మకండి. మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు, వాడిల్లు చెక్క ఫ్రేమూ జిప్సం బోర్డులూ, రెండు డబ్బాలతో పైనా కిందా పెరట్లోకి కూడా అందుతుంది. అదే జత నాకు పంపించాడు, ఇక్కడ తొమ్మిదంగుళాల ఇటుక గోడలూ మధ్యలో ఇనప చువ్వల స్లాబూ, హాల్లోంచి మేడ మీద గదికి చేరేసరికి 5 గిగాహెర్ట్జ్ (వైఫై బ్యాండ్లలో 2.4 కంటే వేగమైనది, గోడలు దాటడంలో బలహీనమైనది) ఆవిరైపోయింది.

నెట్ రాని గదిలోనే నోడ్ పెట్టేయడం అందరూ చేసే పొరపాటు. రాని చోట పెడితే దానికీ రాదు కదండీ. మెయిన్ డబ్బాకీ రాని గదికీ మధ్యలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి. డాబా ఇళ్ళల్లో నాకు బాగా కలిసొచ్చిన చోటు మెట్ల మలుపు, అక్కడ స్లాబ్ అడ్డం ఉండదు, సిగ్నల్ మెట్ల సందులోంచి పైకెళ్ళిపోతుంది. ప్లగ్ పాయింట్ లేకపోతే వేయించుకోండి, ఇంకో నోడ్ కొనడం కంటే అదే చవక. బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, నీళ్ళ ట్యాంకు, టీవీ వెనకాల, వీటి పక్కన పెట్టొద్దు, ఇనుమూ నీళ్ళూ సిగ్నల్‌ని తినేస్తాయి. అందంగా లేదని సజ్జ మీద ఇత్తడి బిందెల వెనకాల దాచేవాళ్ళని కూడా చూశాను.

సరిగ్గా ఎక్కడ పెట్టాలో అంకెల్లో కావాలంటే ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ యాప్ ఏదైనా వేసుకోండి, మ్యాక్ ఉంటే ఆప్షన్ కీ నొక్కిపట్టి పైనున్న వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే చాలు, మైనస్‌లో ఒక అంకె కనపడుతుంది. -50 దగ్గరుంటే బ్రహ్మాండం, -67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది, -75 దాటితే కష్టమే, -80 అంటే పేరుకే కనెక్షన్. ఇందులో మూడు అంకెలు తగ్గితే సిగ్నల్ బలం సగమైపోతుంది, అంటే -67కీ -70కీ మధ్య తేడా చిన్నదేం కాదు. నోడ్ పెట్టాలనుకున్న చోట ఫోన్ పెట్టి మెయిన్ డబ్బా సిగ్నల్ -65 కంటే మెరుగ్గా ఉందో లేదో చూసుకుని అప్పుడు మేకు కొట్టండి.

ఇంకో విషయం, రెండు బ్యాండ్ల మెష్‌లో నోడ్ ఒకే రేడియోతో ఇటు మీ ఫోన్‌తోనూ అటు మెయిన్‌తోనూ మాట్లాడుతుంది, అందుకే ఒక గెంతు (ఒక నోడ్) దాటేసరికి స్పీడు సుమారుగా సగానికి పడిపోతుంది, రెండు గెంతులైతే ఇంకా. కాబట్టి నోడ్లని రైలు పెట్టెల్లా వరసగా తగిలించకుండా మెయిన్‌ని ఇంటి మధ్యలో పెట్టి మిగతావి చుట్టూ పెట్టండి.

వీలైతే తీగ లాగేయండి. నిజంగా చెప్తున్నా, ఈ వ్యాసం మొత్తంలో ఒక్క పని చేయాలంటే ఇదే చేయండి, క్యాట్ 6 రకం నెట్ కేబుల్ ఏసీ పైపు కన్నంలోంచి బయటికి తీసి మేడ మీదికి లాగి నోడ్‌కి గుచ్చితే మధ్య లంకె గొడవే ఉండదు. 100 మీటర్ల దాకా కేబుల్‌కి ఢోకా లేదు, మనింట్లో అంత దూరం ఎక్కడుంటుంది. బయట గోడ మీద లాగితే బయట వాడే రకం కేబులే తీసుకోండి, లేకపోతే రెండు ఎండాకాలాలకి పైతొడుగు పెళుసెక్కిపోతుంది, కోతులున్న ఊరైతే పైపులో వేయండి. కరెంటు తీగలున్న పైపులో మాత్రం వేయొద్దు.

తీగ వేశాక కూడా స్పీడు సరిగ్గా 94, 95 దగ్గర ఆగిపోతోందా? మీరు 200 ప్లాన్ కట్టినా పైన 95 దాటట్లేదా? అయితే లోపలున్న నాలుగు జతల తీగల్లో ఏదో ఒకటి సరిగ్గా అతకలేదు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, రెండు జతలే దొరికితే అది 100కి పడిపోతుంది. కేబుల్ చివర్లున్న కనెక్టర్లు కోయించి మళ్ళీ క్రింప్ చేయించండి. ఇంకోటి, ఒకే నోడ్ నుంచి ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కి (నెట్ కేబుళ్ళు కలిపే డబ్బా) రెండు తీగలు గుచ్చకండి, ఎక్కువ పెడితే స్పీడొస్తుందని గుచ్చితే లూప్ పడి ఇల్లు మొత్తం నెట్ కూలబడుతుంది.

ఫోన్ నోడ్‌ని వదలట్లేదు

హాల్లోంచి బెడ్రూమ్‌కి వచ్చారు, బెడ్రూమ్‌లో నోడ్ ఉంది, అయినా ఫోన్ హాల్లో దాన్నే పట్టుకుని వేలాడుతోంది. మెష్ తప్పనుకుంటాం కానీ ఏ డబ్బా ఎక్కాలో నిర్ణయించేది ఫోనే, మెష్ సలహా ఇవ్వగలదు అంతే, వినకపోతే మహా అయితే బయటికి నెట్టగలదు. చిన్న ఫ్లాట్‌లో మూడు నోడ్లు పెడితే ఈ తలనొప్పి పెరుగుతుంది, ఎక్కడున్నా అన్నీ బాగానే అందుతుంటాయి కాబట్టి ఫోన్ మారదు. రెండు పడగ్గదుల ఫ్లాట్‌కి రెండే ఎక్కువ, ఒకటి తీసి లోపల పెట్టేసి చూడండి.

యాప్‌లో ఫాస్ట్ రోమింగ్ అని ఒకటుంటుంది, ఫోన్ ఒక నోడ్ నుంచి ఇంకోదానికి త్వరగా మారడానికి. కొత్త ఫోన్లకి మంచిదే, పాత టీవీలూ ప్రింటర్లూ మాత్రం అది ఆన్ చేయగానే అసలు కలవవు కొన్నిసార్లు. ఏదైనా వస్తువు హఠాత్తుగా కలవడం మానేస్తే ముందు దీన్ని ఆపి చూడండి. గోడకి కొట్టేసిన టీవీ ఎక్కడికీ నడిచి వెళ్ళదు కదా, అలాంటి వాటికి ఒక్కో వస్తువుకి విడిగా మెష్ ఆపేసే వీలు ఉంటే ఆపేయండి, ఎక్కిన నోడ్ మీదే ఉంటుంది. టీవీకి తీగ గుచ్చడం గురించి ఒక మాట, చాలా టీవీల్లో ఆ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే ఉంటుంది, స్పీడు అంకె వైఫై కంటే తక్కువ కనపడితే కంగారు పడకండి, సినిమా చూడ్డానికి అది సరిపోతుంది.

స్మార్ట్ ప్లగ్గులూ కెమెరాలూ

గీజర్‌కి పెట్టే ప్లగ్గు, గేటు దగ్గర కెమెరా, డోర్‌బెల్, వీటిల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు. మెష్ ఏమో రెండు బ్యాండ్లకీ ఒకటే పేరు పెడుతుంది, ఫోన్ 5లో ఉంటుంది, ప్లగ్గు యాప్ గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ "కనెక్ట్ కాలేదు" అంటుంది. ఇలా చేయండి.

మెష్ యాప్‌లో ఐఓటీ నెట్‌వర్క్ (ఇలాంటి స్మార్ట్ వస్తువులకి విడిగా పెట్టే వైఫై) అని ఉంటే 2.4తో మాత్రమే దాన్ని ఆన్ చేయండి, వేరే పేరు పెట్టండి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 మాత్రమే పెట్టండి, దాని తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3 చూస్తే పాత చిప్పులు బెదిరిపోతాయి, రెండూ కలిపిన మోడ్‌లో కూడా కొన్ని ఎక్కవు. పేరులో అపాస్ట్రఫీ, ఎమోజీ, తెలుగు అక్షరాలు వద్దు, చక్కగా ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ చాలు. ఫోన్ని కూడా కాసేపు అదే నెట్‌వర్క్‌కి మార్చి, లొకేషన్ ఆన్ చేసి, మొబైల్ డేటా ఆపి అప్పుడు ప్లగ్గుని జత చేయండి. అయిపోయాక ఫోన్ మళ్ళీ మామూలు పేరుకి మార్చుకోవచ్చు.

ఐఓటీ నెట్‌వర్క్ లేదా? 5 గిగాహెర్ట్జ్‌ని కాసేపు ఆపే బటన్ కొన్నిటిలో ఉంటుంది, అది వాడండి. అదీ లేకపోతే ఒక నాటు పద్ధతి, ఫోనూ ప్లగ్గూ రెండూ పట్టుకుని ఎక్స్‌టెన్షన్ బాక్సుతో సహా ఇంటికి బాగా దూరంగా గేటు దాకా వెళ్ళండి, 5 గిగాహెర్ట్జ్ గోడల్ని అంత బాగా దాటదు కాబట్టి ముందు అదే పోతుంది, ఫోన్ 2.4కి దిగుతుంది, అక్కడ జత చేసి లోపలికి తెచ్చేసుకోండి. పక్కింటివాళ్ళు వింతగా చూస్తారు, పర్లేదు.

అపార్ట్‌మెంట్లలో 2.4 అంటే సంతలో మాట్లాడుకున్నట్టే, ఎనలైజర్ తెరిస్తే పాతిక పేర్లు కనపడతాయి. ఒకదాన్నొకటి తొక్కుకోని ఛానెళ్ళు మూడే, 1, 6, 11. వాటిల్లో తక్కువ రద్దీ ఉన్నది ఎంచుకుని వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి, 40 పెడితే మీకూ నష్టం పక్కవాళ్ళకీ నష్టం. 12, 13 పెట్టొద్దు, కొన్ని వస్తువులకి ఆ ఛానెళ్ళు కనపడవు. మైక్రోవేవ్ ఓవెన్ ఆన్ చేసినప్పుడల్లా వంటింటి కెమెరా పోతోందంటే ఆశ్చర్యం లేదు, అది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది, కెమెరా జరపడం తప్ప మందు లేదు.

చిన్న చిన్నవి

అప్పుడప్పుడూ ఒక నిమిషం పాటు 5 గిగాహెర్ట్జ్ మొత్తం మాయమై మళ్ళీ వస్తోందా? ఛానెల్ 52 నుంచి 144 మధ్యలో ఉందేమో చూడండి. ఆ ఛానెళ్ళలో రాడార్లకే మొదటి హక్కు, రాడార్ అనిపించేది ఏదైనా వినపడితే డబ్బా వెంటనే ఖాళీ చేయాలి, అలాంటి ఇంకో ఛానెల్‌కి వెళ్ళాలంటే కనీసం 60 సెకన్లు చెవి పెట్టి విని అప్పుడు మొదలెట్టాలి. 36 కానీ 149 కానీ ఫిక్స్ చేసేయండి.

ప్రింటర్ ఫోన్‌కి కనపడకపోతే మీ ఫోన్ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉందేమో చూడండి, గెస్ట్‌లో ఉన్నవాళ్ళకి ఇంట్లో వస్తువులు కనపడవు, దాన్ని పెట్టిందే అందుకు. ప్రింటర్ అడ్రస్ రోజుకోటి మారుతుంటే యాప్‌లో అడ్రస్ రిజర్వేషన్ (ఎప్పుడూ అదే అడ్రస్ ఇవ్వమనడం) పెట్టండి.

పిల్లాడి ఫోన్‌కి పెట్టిన టైం లిమిట్ పనిచేయట్లేదా? ఐఓఎస్ 14, ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ మ్యాక్ అడ్రస్ (మెష్ ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు) చూపిస్తాయి, నెట్‌వర్క్ ఫర్గెట్ చేసి మళ్ళీ కలిపితే కొన్ని ఫోన్లలో కొత్తది పుడుతుంది, మెష్‌కి అది కొత్త ఫోన్‌లా కనపడుతుంది. మా పిన్ని మనవడికి ఈ చిట్కా ఎవరు చెప్పారో కానీ వాడికి ఎనిమిదేళ్ళు. ఫోన్లో మీ ఇంటి వైఫైకి మాత్రం ప్రైవేట్ అడ్రస్ ఆపేసి అప్పుడు లిమిట్ పెట్టండి.

ఇవన్నీ చేసినా ఒక్క నోడ్ మాత్రం మొండికేస్తే అప్పుడు తీయండి పిన్నీసు, అది కూడా ఆ ఒక్క నోడ్‌కే. ముందు యాప్‌లోంచి దాన్ని తీసేసి, రీసెట్ చేసి, మెయిన్ డబ్బాకి రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టుకుని మళ్ళీ చేర్చండి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే అక్కడే పూర్తి చేయించి, గంటసేపు అక్కడే నడవనిచ్చి, అప్పుడు మేడ మీదికి మోసుకెళ్ళండి. పక్కన పెట్టినా ఎక్కట్లేదంటే వేరే నోడ్ అడాప్టర్ దీనికి పెట్టి చూడండి, వోల్టులూ ఆంపియర్లూ ఒకటే అయ్యుండాలి సుమా. అయినా లేవకపోతే బిల్లు వెతికి వారంటీ తేదీ చూసుకోండి.